క్యూప్రస్ క్లోరైడ్ ఆరేలోపే పచ్చబడుతోంది, ఏం చేయాలి?

సాండ్‌మేయర్ చర్యకు (బెంజీన్ వలయానికి క్లోరిన్ తగిలించే పద్ధతి) క్యూప్రస్ క్లోరైడ్ అనే తెల్లటి రాగి లవణం కావాలి. పాత సీసాలోది గాలి, తేమ తగిలి ఆకుపచ్చగా మారింది. దాన్ని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి ఎక్కువ నీళ్లలో పోస్తే తెల్లటి అవక్షేపం చక్కగానే వస్తోంది. చిక్కంతా ఆ తర్వాతే. బుక్నర్ గరాటులో (పంపుతో గాలి లాగి వడకట్టే గరాటు) వడకట్టి, ముందు ఇథనాల్‌తో, తర్వాత ఈథర్‌తో కడిగి, వాక్యూమ్ డెసికేటర్‌లో (గాలి తీసేసి పొడిగా ఆరబెట్టే మూత పాత్ర) పెట్టేలోపే అంచులు పచ్చబడుతున్నాయి.

నీళ్లు మరిగించి చల్లార్చి వాడినా తేడా లేదు. కొంచెం సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్లతో కడిగితే కాస్త నయం (ఆమ్లం మిగిలి ఉంటే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లోనే చేశాను), కానీ ఈథర్ ఆవిరయ్యాక మళ్లీ అదే రంగు. పంపు పొడి గుండా లాగే గాలి మీదే నా అనుమానం. నైట్రోజన్ సిలిండర్ ఉంది, గ్లవ్ బాక్స్ (గాలి చొరబడకుండా లోపల పని చేసుకునే మూసిన పెట్టె) లేదు.

ఈ సరంజామాతోనే, వడకట్టడం నుంచి డెసికేటర్ దాకా గాలి తగలకుండా దీన్ని ఎలా ఆరబెట్టాలి?