180 గ్రాముల మైదా అంటే ఎన్ని కప్పులు?

ప్రశ్న:
నమస్తే అండీ. నచ్చిన చాక్లెట్ కేకు రెసిపీలో కొలతలన్నీ గ్రాముల్లో ఉన్నాయి: మైదా 180, పంచదార 150, వెన్న 110, కోకో పొడి 30. నా దగ్గర తూకం మెషీన్ లేదు. 250 మి.లీ. కప్పు, స్పూన్ల సెట్టు ఉన్నాయి. నెట్‌లో ఒకచోట కప్పు మైదా 120 గ్రాములని, ఇంకోచోట 150 అని రాశారు. ఏది నమ్మాలి? కేకు గట్టిగా వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:
రెండూ నిజమేనండీ. తేడా అంతా కప్పు నింపే తీరులోనే. కప్పును డబ్బాలో ముంచి తీస్తే పిండి కూరుకుపోయి 150 దాకా వెళ్తుంది. అదే పిండిని ముందు కలియదిప్పి గుల్లగా చేసి, స్పూన్‌తో వదులుగా వేసి, పైన చాకుతో సమంగా గీస్తే 240 మి.లీ. కప్పుకి 120-125 వస్తుంది. మీ 250 కప్పుకైతే 130 అనుకోండి. కప్పును మాత్రం తట్టకండి. తట్టేకొద్దీ పిండి దిగుతుంది, ఖాళీ కనబడగానే ఇంకాస్త పోయాలనిపిస్తుంది. కేకు గట్టిపడేది చాలాసార్లు అందుకే.

మీ లెక్క ఇదీ: మైదా ఒక కప్పు, మూడో వంతు కప్పు, ఆపైన ఒక టేబుల్ స్పూన్. పంచదార ముప్పావు కప్పులో రెండు టీస్పూన్లు తీసేయండి. వెన్న అరకప్పులో అర టేబుల్ స్పూన్ తగ్గించండి. కోకో మూడో వంతు కప్పు, ఉండలు చిదిపాకే కొలవండి.

ఇంకొకరు:
వెన్నకి కప్పు ఎందుకండీ? ప్యాకెట్ మీద బరువు ఉంటుంది కదా, 200 గ్రాముల ముక్కైతే సగానికి కాస్త పైన కోస్తే సరి. గీత కనబడే పెద్ద కొలగిన్నె ఉంటే సగం నీళ్లు పోసి వెన్న వేసి, నీళ్లు ఎంత పైకి లేచాయో చూసినా వెన్న ఎంతుందో తెలుస్తుంది, కాకపోతే తేలకుండా స్పూన్‌తో నొక్కి పట్టాలి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ! పంచదారను మిక్సీలో పొడి చేసుకుని వేస్తా. అదే కొలతేనా?

జవాబు:
పొడి చేయకముందే కొలిచేయండి. బరువు మారదు, పొడి మాత్రం పొంగి ఎక్కువ చోటు తీసుకుంటుంది. 240 కప్పుకి పంచదార 200 గ్రాములు పడితే, మెత్తటి పొడి 120 చుట్టుపక్కలే పడుతుంది. బేకింగ్ పౌడర్, ఉప్పు స్పూన్‌తోనే కొలవండి. గ్రాము గ్రాముకి మారే మామూలు మెషీన్ మీద అంత చిన్న తూకం నమ్మలేం.

ఇంకో మాట. ఏ పట్టికకన్నా మీ చెయ్యే మీకు ఖాయమైన లెక్క. విప్పని 500 గ్రాముల మైదా ప్యాకెట్ మీ కప్పుతో, మీరు ఎప్పుడూ నింపే తీరులోనే కొలిచి చూడండి. వదులుగా పోస్తే నాలుగు కప్పులకి కొంచెం తక్కువ రావాలి. మూడున్నర కూడా రాలేదంటే మీరు నొక్కి నింపుతున్నట్టు. వచ్చిన అంకెతో 500ని భాగించి డబ్బా మూత మీద రాసిపెట్టుకోండి.