వేళ్లు కాలిన పిల్లాడు గురువారం మళ్లీ కట్టు మార్పించుకోడానికి వస్తాడు. ఎవరికి చెప్పాలి?

ప్రశ్న (స్టాఫ్ నర్సు, హైదరాబాద్), మంగళవారం

నమస్తే అండీ. మాది నల్లగొండ జిల్లా. ఆరేళ్లుగా పాతబస్తీలో ఒక చిన్న నర్సింగ్ హోంలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. నిన్న జరిగింది చెబుతాను, తెలిసినవాళ్లు దారి చూపండి.

సాయంత్రం నేను డ్యూటీ దిగే టైమ్‌కి ఒకతను ఒక పిల్లాణ్ని తీసుకొచ్చాడు. చీటీలో వయసు పదహారు అని రాయించాడు. మా అబ్బాయికి పదకొండు. ఈ పిల్లాడు వాడికన్నా పొట్టి, పై కోరపళ్లు ఇంకా సగమే దిగాయి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు బొబ్బలెక్కి ఉన్నాయి. టీ ఒలికిందని చెప్పాడు అతను. టీ ఒలికితే కారిన చోటల్లా కాలుతుంది, మూడు వేళ్ల కొసలు మాత్రమే కాలవు. పైగా కొత్త బొబ్బల కింద పాత మచ్చలున్నాయి. గోళ్ల సందుల్లో ఎర్రటి లక్క పట్టి ఉంది. గాజుల కార్ఖానా అని నాకు వెంటనే అర్థమైంది. వేడి లక్క మీద రాళ్లు అద్దడానికి సన్నటి వేళ్లు కావాలి కదా.

అతను ఫోన్ మాట్లాడటానికి బయటికెళ్లినప్పుడు నాకొచ్చిన హిందీలో అడిగాను. ఊరు గయ అన్నాడు. ఆయన ఎవరు అంటే "సేఠ్" అన్నాడు. నాకేమో అతను మేనమామనని చెప్పాడు. గదిలో మీరెంతమంది అంటే, కట్టు కట్టిన చెయ్యి ఎత్తలేక, ఎడమ చెయ్యి అయిదు వేళ్లూ చాపి రెండుసార్లు చూపించాడు. ఈలోగా అతను లోపలికొచ్చాడు. పిల్లాడు చెయ్యి దించేసి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. కట్టు ముడి వేసేటప్పుడు నొప్పి పుట్టే ఉంటుంది, అయినా కుయ్యిమనలేదు.

డాక్టర్ గారికి చెప్పాను. "మన పని వైద్యం. పోలీసులు, కోర్టులు అంటే రేపు మన గడప ఎవరు తొక్కుతారు?" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, లేనివాళ్ల దగ్గర ఫీజు కూడా తీసుకోరు. అందుకే ఆయన మాట కాదనడం నాకింత కష్టంగా ఉంది.

చెప్పకపోతే చట్టం ప్రకారం తప్పా? చెబితే నా పేరు బయటికొస్తుందా? మూడోది నన్ను ఎక్కువ పీడిస్తోంది. పట్టుకుని ఊరికి పంపినా ఆర్నెల్లలో ఇంకో సేఠ్ దగ్గర తేలతారని మా ఆయా అంటోంది. నిజమేనా? గురువారం కట్టు మార్చడానికి రమ్మన్నాను.

జవాబు (అడ్వకేట్)

అమ్మా, ముందు మీ పోస్టులో గల్లీ పేరు, నర్సింగ్ హోం గుర్తులు తీసేయండి. పిల్లల ఆనవాళ్లు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం (పిల్లల సంరక్షణ చట్టం) సెక్షన్ 74 చెబుతుంది. పైగా ఆ సేఠ్ మనుషులు ఎవరైనా ఇది చదవొచ్చు. (తీసేశారు, ధన్యవాదాలు.)

మీ మొదటి ప్రశ్నకి సూటిగా ఒక్క జవాబు లేదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగేలా ఉందని అనుమానం కలిగినా, పోక్సో చట్టం సెక్షన్ 19 కింద ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు. సంస్థ పెద్ద తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది దాకా. తప్పిపోయిన పిల్లలు, వదిలేసిన పిల్లలు మన చేతికొస్తే జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 32 ప్రకారం 24 గంటల్లో తెలియజేయాలి. ఆస్పత్రులు, నర్సింగ్ హోంల పేరు ఆ సెక్షన్‌లోనే ఉంది. అది పాటించకపోతే ఆరు నెలల జైలో, పదివేల జరిమానానో, రెండూనో.

ఈ పిల్లాడి పక్కన "మేనమామ" నిలబడ్డాడు కాబట్టి సెక్షన్ 32 అక్షరాలా వర్తించదని ఒక లాయరు వాదించవచ్చు. ఆ వాదన నమ్ముకుని ఊరుకోమని నేను మీకు సలహా ఇవ్వలేను. పదిమంది పిల్లలున్న గదిలో రాత్రిళ్లు ఏం జరుగుతోందో మీకు తెలియదు, మీ డాక్టర్ గారికీ తెలియదు.

పదహారు అని ఎందుకు రాయించాడో గమనించారా? పద్నాలుగు లోపు పిల్లల్ని ఏ పనిలో పెట్టుకున్నా నేరమే. పద్నాలుగు దాటితే ప్రమాదకరమైన పనుల్లోనే నిషేధం. అతనికి చట్టం తెలుసు. కానీ పిల్లల్ని కట్టిపడేసి పనిచేయించడం, వాళ్ల కూలి అట్టిపెట్టుకోవడం పద్దెనిమిది లోపు ఎవరి విషయంలోనైనా నేరమే, జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 79. అయిదేళ్ల దాకా జైలు. ఆశపెట్టో, మోసపుచ్చో, తల్లిదండ్రులకి డబ్బు ముట్టజెప్పో తెచ్చి వెట్టి చేయిస్తే అది భారతీయ న్యాయ సంహిత 143 కింద మనుషుల అక్రమ రవాణా. ఒక్క పిల్లాడైతే కనీసం పదేళ్లు, ఒకరికంటే ఎక్కువమంది అయితే కనీసం పద్నాలుగేళ్లు. పిల్లాడు ఇష్టపడే వచ్చాడన్నా కోర్టులో చెల్లదు.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పేరు చెప్పకుండానే సమాచారం ఇవ్వొచ్చు. కేస్ షీట్‌లో మాత్రం చూసింది చూసినట్టు రాయండి: ఏ వేళ్లు, పాత మచ్చలు, గోళ్లలో లక్క, తీసుకొచ్చినవాడు చెప్పిన కథ, పిల్లాడు చెప్పిన మాట. మీ అభిప్రాయం రాయొద్దు. రేపు కోర్టులో ఆ కాగితమే మాట్లాడుతుంది.

జవాబు (బాలల సంక్షేమ కమిటీలో ఒకప్పటి సభ్యురాలు)

సిస్టర్, గురువారం దాకా ఆగకండి. ఈ రాత్రే చేయండి. గురువారం అతను తీసుకురాకపోతే? ఫోన్‌లో కట్టు మార్చే టైమ్ కూడా చెప్పండి, అది వాళ్లకి ఒక దారి. కానీ ఒక్క పిల్లాణ్ని మీ దగ్గర పట్టుకుంటే గంటలో మిగతావాళ్లని మార్చేస్తారు, కాబట్టి ఆస్పత్రికీ కార్ఖానాకీ ఒకేసారి వెళ్లాలని గట్టిగా చెప్పండి. పనిలో ఉన్న, తప్పిపోయిన పిల్లల కోసం పోలీసులు వెతికే ఆపరేషన్ స్మైల్ జనవరిలో, ఆపరేషన్ ముస్కాన్ జూలైలో వస్తాయి కదా, అప్పుడు చూసుకుంటారులే అని కొందరంటారు. 2015 జనవరిలో పాతబస్తీ కార్ఖానాల్లోంచి రెండొందలమందికి పైగా పిల్లల్ని, ఎక్కువగా బీహార్ వాళ్లని, బయటికి తెచ్చినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. పదేళ్లు దాటినా మీ దగ్గరికి అదే చెయ్యి వచ్చింది.

మీ ఆయా మాట గురించి. ఆవిడ అబద్ధం చెప్పలేదు. మా కమిటీ ముందుకి ఒకే పిల్లాడు రెండోసారి వచ్చిన రోజు నేను ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను. వాడు నన్ను గుర్తుపట్టి నమస్తే పెట్టాడు. మొదటిసారి వాణ్ని రైలెక్కించి పంపాం, కాగితం మాత్రం ఇవ్వలేదు. ఆ కాగితం సంగతే మీకు చెప్పాలి.

పిల్లల్ని 24 గంటల్లో కమిటీ ముందుకి తేవాలి. కమిటీ కూర్చోని రోజైతే ఒక్క సభ్యురాలి ముందుకి తెచ్చినా చాలు. తర్వాత పిల్లల హోంలో ఉంచడం, వయసు తేల్చడం (ముందు బడి సర్టిఫికెట్ లేదా జనన ధ్రువపత్రం, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష), ఇంటి విచారణ, సొంత జిల్లా కమిటీకి బదిలీ. ఇవి మెల్లగా అయినా జరుగుతాయి. జారిపోయేది ఎక్కువగా వెట్టి చాకిరీ విముక్తి పత్రం, మనవాళ్లు రిలీజ్ సర్టిఫికెట్ అంటారు. 1976 వెట్టి చాకిరీ చట్టం కింద కలెక్టరో ఆర్డీవోనో ఇవ్వాలి. అధికారులు దీన్ని మామూలు బాలకార్మిక కేసుగా రాసేస్తే పని తొందరగా తెగిపోతుంది, పిల్లాడికి మాత్రం ఏమీ మిగలదు. తల్లిదండ్రులు అడ్వాన్స్ తీసుకున్నారా, బయటికి పోనిచ్చేవారా, కూలి చేతికిచ్చారా, ఈ మూడూ మొదటి స్టేట్‌మెంట్‌లోనే రావాలి. పత్రం ఉంటే కేంద్ర పథకం కింద తక్షణ సాయం ముప్పైవేల దాకా వస్తుంది, దానికి కేసు తేలనక్కర్లేదు. కేసు తేలాక పిల్లలకి రెండు లక్షలు, రవాణా వంటి ఘోరమైన సందర్భాల్లో మూడు లక్షలు. పిల్లల కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య కింద నెలకి నాలుగు వేల స్పాన్సర్‌షిప్ వేరే. దానికి గయలోని జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఇంటికెళ్లి చూసి రాయాలి. అడ్వాన్స్ తీర్చమని సేఠ్ మనిషి ఆ ఇంటి ముందు నిలబడినప్పుడు, బాకీ రద్దయిందని చూపించడానికి ఆ తల్లి చేతిలో ఉండేది ఆ ఒక్క పత్రమే.

పిల్లల్ని ఉంచే హోంల గురించి మీకు భయముంటే అది సబబే. అన్నీ ఒకేలా ఉండవు. కానీ హోంలో తనిఖీ ఉంటుంది, రిజిస్టర్ ఉంటుంది, మీరు వెళ్లి అడగొచ్చు. ఆ గదికి కిటికీ కూడా ఉండి ఉండదు.

జవాబు (ఇంటి ఓనర్)

మా పై పోర్షన్ అద్దెకిచ్చాను. బ్యాగులు కుట్టే పని అన్నారు. నలుగురైదుగురు పిల్లలు రాత్రి పదకొండైనా మిషన్ మీదే ఉండేవాళ్లు. ఎవరికి చెప్పాలో తెలియక, చెబితే గొడవేమో అని రెండు నెలలు ఆగాను. ఒకరోజు ధైర్యం చేసి అతన్నే అడిగాను, "పిల్లలు చిన్నవాళ్లలా ఉన్నారే" అని. తెల్లారేసరికి ఇల్లు ఖాళీ. అడ్వాన్స్ కూడా అడగలేదు. ఒక పిల్లాడి చెప్పులు మెట్ల మీద ఉండిపోయాయి. సిస్టర్, సేఠ్‌ని మాత్రం ఏమీ అడగొద్దు. డాక్టర్ గారిని కూడా అడగనివ్వొద్దు.

ప్రశ్న అడిగిన నర్సు, శుక్రవారం

అందరికీ దండం. మంగళవారం రాత్రే 1098కి చేశాను. బుధవారం మళ్లీ చేశాను, మేడమ్ చెప్పినట్టు రెండు చోట్లకీ ఒకేసారి వెళ్లమని. డాక్టర్ గారికి అడ్వకేట్ గారి జవాబు ఫోన్‌లో చూపించాను. రెండుసార్లు చదివారు. ఏమీ అనలేదు, ఎంఎల్‌సీ రిజిస్టర్ (పోలీసు కేసయ్యే గాయాలు రాసే పుస్తకం) తెప్పించి తన చేత్తోనే రాశారు.

నిన్న పదకొండింటికి పిల్లాణ్ని తెచ్చారు. మఫ్టీలో ఒక మహిళా ఎస్ఐ పేషెంట్‌లా వరుసలో కూర్చుంది. నేను పాత కట్టు తీస్తున్నాను. నా చేతులు వణికితే పిల్లాడే "ధీరే, దీదీ" అన్నాడు. సేఠ్‌ని బయటే ఆపేశారు. అదే టైమ్‌కి కార్ఖానాలోకీ వెళ్లారు. కొత్త కట్టు వేసి, రోజు విడిచి రోజు మార్చాలని, తడి తగలకూడదని చీటీ రాసి ఎస్ఐ గారికిచ్చాను.

ఒక్క సంగతి. ఇతనితో కలిపి ఎనిమిది మందే దొరికారట. నాకు రెండుసార్లు అయిదు వేళ్లు చూపించాడు. నా స్టేట్‌మెంట్‌లో ఆ మాట రాయించాను. వాళ్లు "చిన్నపిల్లాడు, లెక్క తప్పి ఉంటాడు" అన్నారు. ఇప్పుడేం చేయాలి?

జవాబు (ఒకప్పటి సభ్యురాలు)

సోమవారం దాకా ఆగకుండా కమిటీకి మీరే ఒక అర్జీ రాయండి. పేర్లు తెలియకపోయినా "మరో ఇద్దరు" అని కాగితం మీద పడాలి. పిల్లలు కనబడటం లేదని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ మాట అర్జీలో పెట్టండి. ఆ ఎనిమిది మందినీ విడివిడిగా, మగహీ (గయ వైపు మాట్లాడే భాష) వచ్చినవాళ్లని పక్కన పెట్టుకుని అడగమనండి. పోలీసు హిందీకి వాళ్లు తలూపుతారు గానీ నోరు విప్పరు. పక్కన ఎవరు పడుకునేవారు అని అడిగితే పేర్లు వాళ్లే చెబుతారు.