ఎల్‌ఈడీ వీడియో వాల్ క్యాబినెట్లు: 8528, 8531, 8524లో ఏ హెడింగ్?

రేవు_మనిషి:
అందరికీ నమస్కారం. ఒక కన్‌సైన్‌మెంట్‌ను ఏ కస్టమ్స్ హెడింగ్ కింద వేయాలన్నదాని మీద మా ఆఫీసులో మూడు రోజులుగా వాదన తెగడం లేదు. సరుకు పీ2.5 (పిక్సెల్‌కూ పిక్సెల్‌కూ మధ్య 2.5 మి.మీ.) ఎల్‌ఈడీ క్యాబినెట్లు, మొత్తం 48. ఒక్కోటి 640 × 480 మి.మీ. అందులో 320 × 160 మాడ్యూళ్లు ఆరు, వెనక ఒక రిసీవింగ్ కార్డు, ఒక పవర్ సప్లై, అల్యూమినియం ఫ్రేమ్. అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఆరు పేరిస్తే 2048 × 1152 పిక్సెళ్ల తెర అవుతుంది. వీడియో ప్రాసెసర్ వేరే సరఫరాదారు దగ్గర్నుంచి, వేరే ఓడలో వస్తోంది. మా సీనియర్ 8531.20 (సూచిక ప్యానెళ్లు) అంటున్నారు, ఇంకొకాయన 8528.59 (మానిటర్లు) అంటున్నారు. 2022 హెచ్‌ఎస్‌లో, అంటే కస్టమ్స్ సరుకుల వర్గీకరణ పట్టికలో, కొత్తగా వచ్చిన 8524 (ఫ్లాట్ ప్యానెల్ డిస్‌ప్లే మాడ్యూళ్లు) చదివాక నాకేమో అదే సరైనదనిపిస్తోంది. మీరేమంటారు?

సున్నా_సుంకం:
8531.20 వేసేయండి. సబ్‌హెడింగ్‌లో (చుక్క తర్వాతి అంకెల్లో) రాసే ఉంది: ఎల్‌సీడీ గానీ ఎల్‌ఈడీ గానీ అమర్చిన సూచిక ప్యానెళ్లు. మీది ప్యానెలే, ఎల్‌ఈడీయే. పైగా 1996 సింగపూర్ ఐటీ ఒప్పందం జాబితాలో ఉన్న వస్తువు, చేరిన దేశాల్లో సుంకం సున్నా.

పాత_పద్దు:
ఆ సలహా పాటించి దెబ్బతిన్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఏ సరుకు ఏ హెడింగ్‌లోకి వస్తుందో తేల్చే హెచ్‌ఎస్ వ్యాఖ్యాన నియమాల్లో మొదటిది ముందు హెడింగ్ మాటలు, సెక్షన్, చాప్టర్ నోట్లు చూడమంటుంది. సబ్‌హెడింగ్ సంగతి ఆరో నియమంలో వస్తుంది. ముందు గుమ్మం దాటాలి, గది ఏదన్నది తర్వాత. 8531 గుమ్మం మీద ఉన్నది 'ధ్వనితో గానీ దృశ్యంతో గానీ సంకేతమిచ్చే విద్యుత్ పరికరాలు'. పక్కనే ఉదాహరణలు: గంటలు, సైరన్లు, సూచిక ప్యానెళ్లు, దొంగల అలారం, అగ్ని అలారం. లిఫ్టులో అంతస్తు చూపే బోర్డు, ఎవరి వంతు వచ్చిందో చెప్పే టోకెన్ బోర్డు ఆ కోవలోవి. కదిలే బొమ్మను పూర్తి రంగుల్లో చూపే తెర ఆ వరసలో ఇమడదు. ఎల్‌ఈడీ అన్న మాట కనబడింది కదా అని సబ్‌హెడింగ్ లోకి నేరుగా దూకితే క్రమం తలకిందులవుతుంది.

మేం ఇలాంటి ప్యానెళ్లనే రెండేళ్లు 8531.20 కింద తెచ్చాం. తర్వాత ఆడిట్‌లో పాత పత్రాలన్నీ తిరగదోడారు. మా క్యాటలాగులో 'ప్రత్యక్ష ప్రసారాలకు, ప్రకటనల వీడియోలకు' అని మేమే అచ్చు వేసుకున్నాం, ఆ పేజీనే తెచ్చి మా ముందు పెట్టారు. తేడా సుంకం, దాని మీద వడ్డీ కట్టాం. తప్పు మాదే, చదవాల్సిన వాక్యం చదవలేదు.

సున్నా_సుంకం:
మీ అనుభవం కాదనను. కానీ స్టేషన్లలో రైళ్ల వేళలు చూపడానికీ ఇవే క్యాబినెట్లు పెడుతున్నారుగా? అప్పుడది సంకేతమే కదా?

పాత_పద్దు:
కొనేవాడు తర్వాత ఏం చేస్తాడన్నది కాదండీ ప్రశ్న. సరిహద్దు దగ్గర పెట్టిన రూపంలో ఆ వస్తువు ఏమిటి, దేనికోసం తయారైంది? రైలు వేళలు చూపినా, సినిమా చూపినా ఈ క్యాబినెట్ మారదు. అక్షరాలూ అంకెలూ తప్ప మరేమీ చూపలేని బోర్డయితే మీ వాదనకు నేనూ చేయి కలుపుతాను.

పిక్సెల్_పనివాడు:
నేను ఈ తెరలు బిగించేవాణ్ణి, సుంకాల సంగతి తెలియదు. కార్డు గురించి మాత్రం చెప్పగలను, ఎందుకంటే 8524 కథంతా దాని చుట్టూనే తిరిగేలా ఉంది. హెచ్‌డీఎంఐ సిగ్నల్‌ను తీసుకునేదీ, తెర కొలతకు తగ్గట్టు కుదించేదీ పెంచేదీ ప్రాసెసరే. అక్కణ్ణుంచి నెట్‌వర్క్ కేబుల్లో డేటా వస్తుంది. రిసీవింగ్ కార్డు అందులో తన క్యాబినెట్ వాటా, అంటే 256 × 192 పిక్సెళ్లు, ఏరుకుని డ్రైవర్ ఐసీలకు (ఎల్‌ఈడీలను వెలిగించే చిప్పులకు) పంచుతుంది. వెలుగు, రంగు దిద్దుబాటు కూడా చేస్తుంది. కుదించి పెంచే ఆ పని, అంటే స్కేలింగ్, మా కార్డుల్లో ఉండదు. కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ తీగ తెచ్చి క్యాబినెట్‌కు గుచ్చుదామంటే గుచ్చడానికి చోటే లేదు.

రేవు_మనిషి:
నాకు కావలసింది ఇదే. 85వ చాప్టర్ ఏడో నోటు చెప్పేది కూడా ఇదే కదా: వీడియో సిగ్నల్ అందుకుని పిక్సెళ్లకు పంచే భాగాలు ఉన్నా ఫర్వాలేదు, స్కేలర్ ఐసీ, డీకోడర్ ఐసీ లాంటి సిగ్నల్ మార్చే భాగాలు ఉంటే మాత్రం 8524 కాదు. మా కార్డు పంచుతుంది, మార్చదు. పైగా ఈ నోటుకు లోబడిన వస్తువుకు మిగతా అన్ని హెడింగుల కన్నా 8524కే ప్రాధాన్యం. ఇంక వాదన ఎక్కడుంది?

ఇటుక_వాదం:
ఉంది. ఆ ప్రాధాన్యం నిర్వచనంలో పడ్డాకే పనిచేస్తుంది. నిర్వచనంలో మొదటి షరతు చూడండి: వాడకానికి ముందు ఇతర హెడింగుల వస్తువుల్లో ఇమడ్చడానికి తయారైనదై ఉండాలి. ఫోన్‌లోకి వెళ్లే ఓఎల్‌ఈడీ తెర, కారు డ్యాష్‌బోర్డులోకి వెళ్లే ఎల్‌సీడీ అలాంటివి. అక్కడ తెర వేరు, దాన్ని తనలో పెట్టుకునే వస్తువు వేరు. మీ క్యాబినెట్ దేంట్లో ఇముడుతుంది? ఇటుకను గోడలో ఇమిడ్చాం అనం, ఇటుకలు పేరిస్తేనే గోడ. విడి మాడ్యూల్ అయితే నేనూ 8524 అనే అంటాను, అది క్యాబినెట్ లోకి వెళుతుంది కాబట్టి. ఫ్రేమ్, పవర్ సప్లై, తాళం, కేబుల్ అన్నీ బిగించాక అది 'వేరే హెడింగ్ వస్తువు స్వభావం సంతరించుకుంది'. ఈ మాటలూ ఆ నోటులోనే ఉన్నాయి.

రేవు_మనిషి:
ఇటుక పోలిక బలంగా ఉందని ఒప్పుకుంటాను. కానీ ఒక్క క్యాబినెట్ విడిగా బొమ్మ చూపలేదు. ప్రాసెసర్ లేకపోతే 48 కలిపినా చీకటే. చూపలేని దాన్ని మానిటర్ అని ఎలా అంటాం?

ఇటుక_వాదం:
దానికే రెండో నియమం (ఎ) ఉంది. అసంపూర్ణ వస్తువైనా, పూర్తి వస్తువు అసలు స్వభావం అందులో ఉంటే పూర్తిదానిగానే లెక్క, విడగొట్టి తెచ్చినా అంతే. 48 క్యాబినెట్లు ఒకేసారి వచ్చాయంటే తెర మొత్తం వచ్చినట్టే. స్పేర్‌గా రెండో మూడో తెప్పిస్తే ఆ వాదన నిలవదు, అప్పుడు 8529 కింద భాగాలా అన్నది మళ్లీ చూడాలి.

తీర్పుల_సంచి:
8528లోకి వచ్చాక .52నా (కంప్యూటర్‌తో వాడే మానిటర్లు) .59నా (మిగతా మానిటర్లు) అన్నది ఇంకా ఎవరూ ఎత్తలేదు. సుంకంలో అసలు తేడా వచ్చేది అక్కడే. 2017కు ముందు కంప్యూటర్ వ్యవస్థలో 'ఒక్కదానికే లేదా ప్రధానంగా' వాడే మానిటర్ అని ఉండేది. ఆ మాటల మీద ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. కమినో కేసులో 2009లో యూరోపియన్ న్యాయస్థానం, వేరే సిగ్నళ్లు కూడా తీసుకోగలదన్న ఒక్క కారణంతో మానిటర్‌ను కంప్యూటర్ వర్గం నుంచి తోసేయకూడదంది. 2010లో ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ కూడా ఫ్లాట్ ప్యానెల్ తెరల గొడవ మీద నివేదిక ఇచ్చింది. 2017 నుంచి మాటలు మారాయి: కంప్యూటర్‌కు నేరుగా కలపగలిగేది, దానితో వాడటానికి రూపొందించినది. రెండు షరతులూ తీరాలి. తీగ గుచ్చే చోటే లేదని పైన పనివాడు గారు చెప్పారు కదా, మొదటిదే తీరలేదు. కాబట్టి నా లెక్కలో 8528.59.

ప్రాసెసర్ కూడా కలిపి ఒకేసారి తెచ్చి ఉంటే పదహారో సెక్షన్ నాలుగో నోటు కింద, కలిసి ఒకే పని చేసే యూనిట్‌గా చూడమని అడగవచ్చు. అప్పుడు హెచ్‌డీఎంఐ పోర్టు ఆ యూనిట్‌దే అవుతుంది, .52 వాదన మళ్లీ లేస్తుంది. మూడు మీటర్లకు కాస్త తక్కువ ఎత్తున్న తెరను కంప్యూటర్‌తో వాడటానికి రూపొందించారని ఒప్పించడం మాత్రం కష్టం.

సున్నా_సుంకం:
హెడింగ్ క్రమం విషయంలో నేను తప్పు, ఒప్పుకుంటున్నాను. రేవు_మనిషి గారూ, సరుకు బయల్దేరక ముందే అడ్వాన్స్ రూలింగ్ (ఏ హెడింగ్ అన్నది కస్టమ్స్ ముందే తేల్చి ఇచ్చే నిర్ణయం) అడగండి. 2017 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన వాణిజ్య సౌలభ్య ఒప్పందం మూడో అధికరణం కింద టారిఫ్ వర్గీకరణకు ఆ హక్కు ఉంది.

రేవు_మనిషి:
దరఖాస్తు ఈరోజే మొదలుపెడతాను. విడి మాడ్యూల్, క్యాబినెట్, 48 కలిపిన సెట్, ఈ మూడింటికీ వేర్వేరుగా అడుగుతాను. 8524 మీద నా ఆశ పూర్తిగా పోలేదు గానీ, ఇటుక వాదానికి జవాబు నా దగ్గర లేదు. పిక్సెల్_పనివాడు గారూ, ఆ రిసీవింగ్ కార్డు బ్లాక్ డయాగ్రమ్‌లో స్కేలర్ లేదని ఏ పేజీలో కనబడుతుందో చెప్పగలరా? దాన్నే మొదటి అనుబంధంగా పెడతాను.