కార్డుల పర్సు: ఏ పని ముందు, ఏది తర్వాత?

ప్రశ్న (దేవరకొండ):
అన్నా, 1.5 మి.మీ. తోలుతో రెండు జేబుల కార్డుల పర్సు మొదలుపెట్టిన. రంగు కుట్టక ముందా, కుట్టినంకనా? అంచులెప్పుడు నున్నగ చేయాలె?

జవాబు:
రంగు ముందే తమ్మీ. సొల్యూషన్ (అతికించే జిగురు) అంటిన కాడ రంగు పట్టదు, మచ్చలు పడ్తయ్. కోసి, రంగేసి, రాత్రంతా ఆరనియ్యి. తర్వాత జేబుల పైఅంచు రుద్దు. అతికించినంక అక్కడికి చెయ్యి పోదు. సొల్యూషన్ రెండు ముక్కలకూ రాసి, తడి పోయి జిగటగ అయినంకనే ఒత్తు. తొందరపడితే జారుతది.

ఇంకో జవాబు:
అతికే కాడ తోలు నున్నటి దిక్కు గరుకు కాగితంతో గీకాలె, లేకుంటే ఊడిపోతది. రంధ్రాలు మాత్రం అతికించినంకనే, గీత గీసి 4 మి.మీ. ఎడంతో. విడివిడిగ పొడిస్తే పొరలు కలవవు. దారం కుట్టు పొడవుకు నాలుగింతలు, మైనం పట్టించి, రెండు సూదులతో. ఆఖర్న మూడు కుట్లు వెనక్కి.

ప్రశ్న:
రంధ్రాలు పొడిచేటందుకు చెప్పులు కుట్టే ఆరె చాలదా?

జవాబు:
చాలు, నిలువుగ పట్టు. వాలితే వెనక వరస వంకర పోతది. బయటి అంచులు కుట్టినంకనే: 220 నంబరు గరుకు కాగితం, తర్వాత 400 నంబరుది, కొంచెం తడి, కట్టెతో రుద్దుడు. క్రోమ్ మందుతో పదును చేసిన తోలైతే ఎంత రుద్దినా మెరవదు, అంచు రంగు వేసుకో. తంగేడు బెరడుతో పదును చేసిందైతే మంచిగ వస్తది.