అప్‌డేట్: పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీకి రైటింగ్ శాంపిల్ సంగతి

అమెరికాలో పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీకి ఎంఏ డిసర్టేషన్ మొత్తం రైటింగ్ శాంపిల్‌గా (అప్లికేషన్‌తో పంపే మన సొంత పరిశోధన రచన) పెట్టొచ్చా అని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. తేలింది ఇదీ.

మొత్తం పెట్టకూడదు. చాలా డిపార్ట్‌మెంట్లు 20–25 పేజీల దగ్గర ఆపమంటాయి, కొన్ని ఇంకా తక్కువే అడుగుతాయి. అలాగని ఒక అధ్యాయాన్ని ఉన్నదున్నట్టు పంపినా పనికిరాదు. "వెనక అధ్యాయంలో చెప్పినట్టు" లాంటి మాటలు తీసేసి, ప్రశ్న, వాదన, డేటా ఎక్కడిదో మొదటి రెండు పేజీల్లోనే కనిపించేలా తిరగరాయాలి. లిటరేచర్ రివ్యూని (ఇదివరకటి పరిశోధనల సమీక్షని) మూడు పేజీలకు కుదిస్తే విశ్లేషణకు చోటు దొరుకుతుంది. అడ్మిషన్ కమిటీ చూసేది ఆ విశ్లేషణనే.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో (ఏం పరిశోధిస్తారో, ఎందుకో చెప్పే వ్యాసంలో) "చిన్నప్పటి నుంచి రాజకీయాలంటే ఇష్టం" అన్న వాక్యం దండగ. "2019 తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో కొన్ని ఊళ్లలోనే సర్పంచ్ ఏకగ్రీవం ఎందుకయ్యారు?" అని మొదలుపెడితే మీది కంపేరిటివ్ పాలిటిక్స్ (వేర్వేరు చోట్ల రాజకీయాలను పోల్చి చూసే శాఖ) అని వెంటనే తెలుస్తుంది. ఆ అంశానికి దగ్గరగా పనిచేసే ప్రొఫెసర్లు కనీసం ఇద్దరు లేని చోట, ర్యాంకు ఎంత గొప్పదైనా, అప్లై చేయకండి.

జీఆర్‌ఈ (అడ్మిషన్ పరీక్ష) స్కోరు అడగడం ఒక్కో చోట ఒక్కో రకం, డిపార్ట్‌మెంట్ పేజీలోనే చూసుకోవాలి. డెడ్‌లైన్లు ఎక్కువగా డిసెంబర్‌లో ఉంటాయి కాబట్టి మూడు సిఫార్సు లేఖలకు సెప్టెంబర్‌లోనే మేడమ్‌లనీ సార్లనీ అడగండి. లేఖ అప్‌లోడ్ చేసే లింకులు వాళ్ల యూనివర్సిటీ మెయిల్‌కే వెళ్లేలా చూడండి.