కాంతి పరికరం చూపిన కొవ్వు శాతాన్ని బట్టి మాంసానికి ధర కట్టవచ్చా?

మాంసం దుకాణదారు, నల్లగొండ:
కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని మాంసం మీదకు పంపి, తిరిగి వచ్చిన కాంతిని బట్టి కొవ్వు శాతం చెప్పే చేతి పరికరాలు వచ్చాయి. వీటికి మాంసాన్ని కోయనక్కరలేదు. కొవ్వు ఎక్కువైందని కొనేవారితో రోజూ వాదించే బదులు, ఆ అంకెను బట్టే ధర కట్టడం న్యాయం కాదా?

గొర్రెల పెంపకందారు, మహబూబ్‌నగర్:
అయ్యా, అది మీ దుకాణంతో ఆగదు, రేపు సంతకూ వస్తుంది. గొర్రె నడుము మీద చెయ్యి వేసి, వెన్నెముక ఎంత తగులుతున్నదో చూసి కండను అంచనా వేయడం మాకూ తెలుసు, బేరగాళ్లకూ తెలుసు. ఆ అంచనాకు నేను ఎదురు చెప్పగలను. యంత్రం చూపిన అంకెకు ఏమని ఎదురు చెప్పాలి? పైగా ముతక ఉన్ని ఉండే మా దక్కనీ గొర్రె ఒంట్లోకి ఆ కాంతి ఎంతవరకు పోతుంది?

ఆహార శాస్త్ర అధ్యాపకురాలు, వనపర్తి:
పెంపకందారు గారి భయానికి శాస్త్రపరమైన ఆధారం ఉంది. కొవ్వు 930, 1200 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, నీరు 970 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎక్కువగా పీల్చుకుంటాయి. పరికరం ఈ తేడాను చూస్తుందే తప్ప కొవ్వును నేరుగా తూచదు. ముందుగా అనేక మాంసపు ముక్కలలోని కొవ్వును ప్రయోగశాలలో ద్రావకంతో తీసి తూచి, ఆ ఫలితాలతో కాంతి రీడింగులను జతపరచి సూత్రం తయారు చేస్తారు. వేరే దేశపు పంది మాంసం, గొడ్డు మాంసం మీద కట్టిన సూత్రాన్ని, కొవ్వు తక్కువగా ఉండే మన మేక మాంసానికి అలాగే అంటగడితే అంకె తప్పుతుంది. మాంసం చల్లగా ఉందా, అప్పుడే కోసినదా అన్నదాన్ని బట్టి కూడా నీటి రీడింగు మారుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ కాంతి లోతుగా పోదు కనుక, ముక్క మీద కొవ్వు పొర ఉంటే పరికరం ప్రధానంగా ఆ పొరనే చూస్తుంది, కండ లోపలి కొవ్వును కాదు. బతికున్న గొర్రె మీద, ఉన్ని, చర్మం దాటి చూడవలసి వస్తే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. అందుచేత సంతలో దీనితో ధర కట్టడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

కీమా సంగతి వేరు. అందులో కొవ్వు అంతటా కలిసిపోయి ఉంటుంది కనుక కొలత నిలకడగా వస్తుంది, కంటితో పోల్చుకోవడం కొనేవారికి కష్టమయ్యేదీ అక్కడే.

మాంసం దుకాణదారు, నల్లగొండ:
అయితే అమ్మా, మా దగ్గరి మాంసంతో ఆ సూత్రం ఎవరు కడతారు?

ఆహార శాస్త్ర అధ్యాపకురాలు, వనపర్తి:
చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ వంటి ప్రభుత్వ సంస్థే కట్టాలి, ఎంత తేడా రావచ్చో పరికరం మీదే రాయించాలి. అమ్మే కంపెనీ మాట మీద మాత్రం కొనకండి.