అమ్మ ఫోన్ ఫుల్ అయిపోయింది, నాన్న వాయిస్ మెసేజ్‌లు పోకుండా ఖాళీ చేయడం ఎలా?

కోనసీమ_అబ్బాయి:

అందరికీ నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, నేను ఉద్యోగం మీద బెంగళూరులో ఉంటున్నా, ఊళ్ళో అమ్మ ఒక్కతే ఉంటది. అమ్మ వాడేది 2019లో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్, 32 జీబీ, మెమరీ కార్డు వెయ్యలేదు. ఆరు నెలల్నించి స్టోరేజ్ ఫుల్ అని వస్తూనే ఉంది, నేను వెళ్ళినప్పుడల్లా ఏవో నాలుగు వీడియోలు తీసేసి వచ్చేవాణ్ణి, వారం తిరక్కుండా మళ్ళీ అదే గొడవ. ఇప్పుడు బాగా ముదిరిపోయింది, కెమెరా ఫొటో తియ్యట్లేదు, వాట్సాప్‌లో ఏదొచ్చినా డౌన్‌లోడ్ అవ్వట్లేదు, మొన్న గ్యాస్ బండ ఇంటిదాకా వచ్చాక చెప్పాల్సిన కోడ్ మెసేజే ఫోన్‌కి రాలేదంట.

టౌన్లో ఒక షాపులో చూపిస్తే రీసెట్ కొట్టేస్తే కొత్తదానిలా అయిపోద్ది అన్నారంట. అమ్మ ఒప్పుకోకుండా ఫోన్ తెచ్చేసుకుంది. ఎందుకంటే నాన్న 11 ఏళ్ళు కువైట్లో డ్రైవరుగా చేశారు. అమ్మకి టైప్ చెయ్యడం రాదు, నాన్నకేమో డ్యూటీలో ఉండగా ఫోన్ మాట్లాడ్డం కుదరదు, అందుకని ఇద్దరూ వాయిస్ మెసేజ్‌లే పెట్టుకునేవారు. తిన్నావా, బీపీ మాత్ర వేసుకున్నావా, కొబ్బరి దింపులయ్యాయా, ఇలాంటివే. నాన్న పోయినేడు కాలం చేశారు. అమ్మ రోజూ రాత్రి వాటిల్లో ఒకటో రెండో విని పడుకుంటది, అవి తప్ప ఆయన గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు.

వచ్చే శనివారం ఊరెళ్తున్నా, రెండ్రోజులు ఉంటా, లాప్‌టాప్ పట్టుకెళ్తా. ఆ మెసేజ్‌లు ఒక్కటి కూడా పోకూడదు, అమ్మ భజన వీడియోలు, మా అక్క పిల్లల ఫొటోలు కూడా ఉండాలి, ఫోన్ మాత్రం మామూలుగా పనిచెయ్యాలి. ముందు దేనిమీద చెయ్యెయ్యాలో చెప్పండి ప్లీజ్.

సాల్మియా_గోదారి:

తమ్ముడూ, నేను కూడా కువైట్లోనే 9 ఏళ్ళుగా ఉంటున్నా, మా ఇంట్లో కూడా అన్నీ వాయిస్ మెసేజ్‌లే, నీ పోస్ట్ చదివాక వెంటనే మా ఆవిడకి ఫోన్ చేసి నీ ఫోన్లోవి కాపీ తీశావా అని అడిగా. అమ్మగారు రీసెట్ వద్దనడం చాలా మంచిపని. ఎవరేం చెప్పినా కాపీ తీసేదాకా ఆ ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వకు.

నీకు ధైర్యం చెప్పే మాట ఒకటుంది, ఆ వాయిస్ మెసేజ్‌లు చాలా చిన్నవి. నిమిషం మెసేజ్ పావు ఎంబీ కూడా ఉండదు. వెయ్యి మెసేజ్‌లున్నా మొత్తం ఒక్క పెళ్ళి వీడియో అంత రావు. కాబట్టి ఫోన్ నింపుతున్నది అవి కాదు, వాటిని తియ్యాల్సిన పనే లేదు, భద్రంగా ఇంకో రెండు చోట్ల పెట్టుకుంటే చాలు.

కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలుపు, ఫోన్ పైనుంచి నోటిఫికేషన్ లాగి ఫైల్ ట్రాన్స్‌ఫర్ అని నొక్కు, అది నొక్కకపోతే ఛార్జింగ్ ఒక్కటే అవుద్ది. పాత ఫోన్లలో లోపలికి వెళ్ళగానే వాట్సాప్ ఫోల్డర్ కనిపిస్తది, తర్వాతవాటిలో ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్లో మీడియా, అందులో వాట్సాప్ పేరుతో ఉంటది, మీ అమ్మగారి ఫోన్లో రెండు చోట్లా చూడు, ఒక్కోసారి పాతవి పాతచోటే మిగిలిపోతాయి. అందులో వాట్సాప్ వాయిస్ నోట్స్ అని ఫోల్డర్ ఉంటది, వారానికొక చిన్న ఫోల్డర్ చొప్పున. ఫైల్ పేరు పీటీటీ అని మొదలై తేదీ ఉంటది, సంవత్సరం నెల రోజు వరసలో. ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకో. కట్ చెయ్యకు, కాపీయే చెయ్యి, మధ్యలో కేబుల్ కదిలితే కట్ చేసినవి ఎటూ కాకుండా పోతాయి.

ఒక చిక్కుంది, అక్కడ నాన్నగారివి, అమ్మగారు పంపినవి, మిగతా చుట్టాలవి అన్నీ కలిసే ఉంటాయి. నాన్నగారి చాట్ వరకు విడిగా కావాలంటే ఆ చాట్ తెరిచి మూడు చుక్కలు నొక్కి ఎక్స్‌పోర్ట్ చాట్ కొట్టి మీడియాతో సహా అని ఎంచుకో. అది చివరి 10,000 మెసేజ్‌ల వరకే ఇస్తది, అంతకన్నా పాతవి రావు, అందుకే ఫోల్డర్ కాపీ తప్పనిసరి, ఎక్స్‌పోర్ట్ దానికి తోడు. అవతలి వైపు అమ్మగారి గొంతు కూడా ఉంటది కదా, ఇద్దరి మాటా వరసగా వినాలంటే అదే పనికొస్తది.

సెల్‌పాయింట్_వరంగల్:

అన్నా, నేను వరంగల్ల మొబైల్ రిపేర్ షాపు నడుపుతున్న, ఇసొంటి ఫోన్లు రోజూ వస్తయ్. ముందుగాల కోడ్ మెసేజ్ ముచ్చట చెప్త, ఫోన్ల జాగ లేకపోతే ఆండ్రాయిడ్ కొత్త ఎస్సెమ్మెస్‌లే తీస్కోదు, సిగ్నల్ ఫుల్ ఉన్నా గంతే. చానా మంది సిమ్ము ఖరాబైందనుకొని సిమ్ము మారుస్తరు. జాగ చేస్తె దానంతటదే సక్కగైతది.

32 జీబీ అంటే 32 మన చేతికి రాదు, సిస్టమే 10 జీబీ దాకా తింటది, ఆప్‌లు, వాటి అప్‌డేట్‌లు ఇంకో ఏడెనిమిది. అమ్మకు మిగిలేది పన్నెండో పదమూడో. గది గుడ్ మార్నింగ్ ఫొటోలకు, ఫార్వర్డ్ వీడియోలకు ఎన్ని రోజులొస్తది చెప్పు.

పైన అన్న చెప్పినట్టు కాపీ తీసినంకనే గివన్నీ. వాట్సాప్ సెట్టింగ్స్‌ల స్టోరేజ్ అండ్ డేటా, అందుల మేనేజ్ స్టోరేజ్‌కు పో. పైన రెండు డబ్బాలు కనిపిస్తయ్, చానా సార్లు ఫార్వర్డ్ అయినవి ఒకటి, 5 ఎంబీ కన్నా పెద్దవి ఇంకోటి. మొదటిదాంట్ల మనింటి మనిషి పంపింది ఉండుడు చానా తక్కువ, ఒక్కపారి చూసుకొని మొత్తం సెలెక్ట్ చేసి తీసెయ్. రెండోదాన్ని మాత్రం నిమ్మళంగ చూడాలె, పిల్లల వీడియోలు అండ్లనే ఉంటయ్. కింద ఏ గ్రూపు ఎంత తింటుందో వరుసగ చూపిస్తది, చానా ఫోన్లల్ల ఒక్క గ్రూపే 3 జీబీ, 4 జీబీ ఉంటది. నాన్న చాట్ పేరు గీ లిస్టుల కనిపిస్తె దాన్ని ముట్టనే ముట్టకు.

తర్వాత ఆటో డౌన్‌లోడ్ బంద్ చెయ్, మొబైల్ డేటాకు, వైఫైకి, రోమింగ్‌కు మూడిట్లకూ. గిది చెయ్యకుంట ఎంత సాఫ్ చేసినా నెలకే మళ్ళ నిండుతది, నువ్వు ప్రతిసారి ఊరికి పోయి చేసింది గందుకే నిలవలే. వాయిస్ మెసేజ్‌లకు గీ సెట్టింగ్‌తోని ఫికర్ లేదు, అవి ఎప్పటిలెక్కనే దిగుతయ్. మీడియా విజిబిలిటీ అని ఇంకోటి ఉంటది, అది గ్యాలరీల కనబడకుంట చేస్తదంతే, జాగ మిగల్చది, గది చూసి మోసపోకు.

క్లీనర్, బూస్టర్ అని వచ్చే ఆప్‌లు వెయ్యొద్దు, ఏది తీస్తున్నదో మనకు తెల్వది. ఫోన్ సెట్టింగ్స్‌ల ఆప్‌ల లిస్టుల వాట్సాప్ తెరిచి క్లియర్ క్యాష్ నొక్కితె ఏం కాదు కాని పక్కనే ఉండే క్లియర్ డేటా నొక్కితె చాట్లన్నీ పోతయ్, రెండు బటన్లు పక్కపక్కనే ఉంటయ్, పైలం.

మెమరీ కార్డు వేస్తనంటె 64 జీబీ చాలు, నమ్మకమున్న దగ్గర బిల్లుతోని కొను. నాలుగైదు వందలకే 1 టీబీ అని అమ్మేవి నకిలీవి, ఫోన్ల 1 టీబీ అనే చూపిస్తది, లోపల నిజంగ ఉండేది 8 జీబీనో 16 జీబీనో, అది నిండినంక ఎక్కించినవన్నీ ఖరాబైతయ్. మా దగ్గరికి ఒకామె బిడ్డ పెళ్ళి ఫొటోలు అట్ల పోగొట్టుకొని వచ్చింది, ఎంత చేసినా సగం గూడ తియ్యలేకపోయిన, ఇప్పటికీ బాధైతది. కార్డు వేసేటప్పుడు ఇంటర్నల్ స్టోరేజ్ లెక్క వాడుకుంటవా అని అడిగితె వద్దు, పోర్టబుల్ అనే పెట్టు. ఇంటర్నల్ చేస్తె ఆ కార్డు ఆ ఫోన్‌కే తాళం పడ్డట్టు, ఫోన్ చెడిపోతె కార్డుల ఉన్నవి వేరే దాంట్ల కనిపియ్యవు.

మేఘన_మియాపూర్:

ఫొటోల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ పెట్టి, అంతా ఎక్కాక ఫ్రీ అప్ స్పేస్ అని ఉంటుంది, అది నొక్కితే పైన, అంటే గూగుల్ దగ్గర, భద్రంగా ఉన్నవాటి కాపీలు మాత్రమే ఫోన్లోంచి తీసేస్తుంది. దాన్నే వాడండి. చాలామంది బ్యాకప్ అయిపోయింది కదా అని అదే ఆప్‌లో ఫొటోలు సెలెక్ట్ చేసి డిలీట్ కొడతారు, అలా చేస్తే ఫోన్లోదీ పైనదీ రెండూ పోతాయి. మా అత్తయ్య అలాగే చేశారు, బ్యాకప్ అయినవి ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి కాబట్టి వెనక్కి తెచ్చుకోగలిగాం.

2021 జూన్ 1 నుంచి ఫ్రీగా ఎన్నైనా పెట్టుకునే వీలు పోయింది, ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ అన్నిటికీ కలిపి 15 జీబీ, వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోంచే. అందుకని స్టోరేజ్ సేవర్ అని పెట్టండి, కొంచెం తగ్గించి దాస్తుంది, ఫోన్లో చూడ్డానికి తేడా తెలియదు. వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలు కలపొద్దని పెడితే అదీ చిన్నదవుతుంది, వాయిస్ మెసేజ్‌లు మాత్రం అందులో వస్తాయి. బ్యాకప్ తియ్యడానికి కూడా ఫోన్లో కొంత ఖాళీ కావాలండి, మీ అమ్మగారి ఫోన్లో బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, చివరిది ఏ తేదీదో వెళ్ళగానే చూడండి. రోజుకి 1.5 జీబీ ప్యాక్ అయితే ఫొటోలన్నీ ఎక్కడానికే వారం పైన పడుతుంది, మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చినా రెండ్రోజుల్లో తేలదు, ఈసారికి లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని బెంగళూరు వెళ్ళాక మీ వైఫైలో ఎక్కించండి.

తెనాలి_భజన_బృందం:

అమ్మగారి భజన వీడియోల గురించి ఒక మాట నాయనా. మా బృందంలో అందరం అరవై దాటినవాళ్ళమే, అందరి ఫోన్లూ ఇలాగే నిండేవి. మేం గమనించింది ఏంటంటే భక్తి పాటల వీడియోల్లో చాలావాటికి బొమ్మ కదలదు, ఒక్క దేవుడి పటం పెట్టి అరగంట పాట ఉంటుంది, దానికి 150, 200 ఎంబీ. అదే పాటని ఆడియోగా చేస్తే 30 ఎంబీకి దిగుతుంది, ఎంపీత్రీ క్వాలిటీ 128 కేబీపీఎస్ అని పెడితే నిమిషానికి ఇంచుమించు ఒక ఎంబీ లెక్క. మా మనవడు లాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ పెట్టి కన్వర్ట్ అని ఉంటే దాంతో మా 140 పాటలూ ఒక్క పూటలో మార్చేశాడు. 320లో పెడితే రెండున్నర రెట్లు అవుతుంది, ఫోన్ స్పీకర్లో వినే భజనకి అంత అక్కర్లేదు. వాళ్ళు స్వయంగా పాడిన వీడియోలు, కోలాటం ఆడినవి మాత్రం అలాగే ఉంచు, ఆడియో చేశావంటే మనుషులు కనిపించరు, ఆమెకి అదే కావాలి.

ఇంకోటి, పాటలు మెమరీ కార్డులో పెట్టినా ఏ ఇబ్బందీ ఉండదు, కార్డు నెమ్మదిగా పనిచేసినా పాటకి తెలియదు.

కోనసీమ_అబ్బాయి:

అందరికీ చాలా థాంక్స్ అండి, నిన్న రాత్రి పదింటికి పని అయింది, ఇప్పుడు బస్సులో టైప్ చేస్తున్నా.

వాయిస్ నోట్స్ ఫోల్డర్ ముందు కాపీ చేశా, సాల్మియా అన్న చెప్పినట్టే రెండు చోట్లా ఉంది. మొత్తం 4,000 పైచిలుకు ఫైళ్ళు, అంతా కలిపి 700 ఎంబీ కూడా లేదు. లాప్‌టాప్‌లో ఒకటి, అక్క కోసం పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టి, ఒక్కో నెలలోంచి రెండు మూడు ప్లే చేసి చూశాకే మిగతావాటి జోలికెళ్ళా. గ్రూపుల్లో చూస్తే ఒక్క చుట్టాల గ్రూపే 4.3 జీబీ ఉంది. బ్యాకప్ చివరిసారి అయింది 14 నెలల కిందట, అంటే షాపులో ఆరోజు రీసెట్ కొట్టుంటే నాన్న ఆఖరి నెలల మాటలన్నీ పోయుండేవి, అది చూశాక కాసేపు బయటికెళ్ళి కూర్చున్నా.

ఇప్పుడు 9 జీబీ ఖాళీ ఉంది, మెసేజ్‌లు వస్తున్నాయి, ఆటో డౌన్‌లోడ్ ఆపేశా, బ్యాకప్ కూడా అయింది. ఒక్క సమస్య మిగిలింది. వాట్సాప్‌లో పాతవాటి కోసం అమ్మ చాలాసేపు పైకి జరుపుకుంటూ వెళ్ళాల్సొస్తుంది, అందుకని నాన్నవి వేరే ఫోల్డర్లో పెట్టా, కానీ ఆ ఫోన్లో ఉన్న మ్యూజిక్ ఆప్‌లో అవి కనిపించట్లేదు. ఏం చెయ్యాలి?

సాల్మియా_గోదారి:

చాలా సంతోషం తమ్ముడూ. అవి ఓపస్ అనే రకం ఫైళ్ళు, కొన్ని ప్లేయర్లకి తెలియవు. వీఎల్‌సీ ఫోన్‌కి కూడా ఉంది, ఫ్రీ, యాడ్స్ రావు, అందులో ఆడతాయి. అమ్మగారికి ఆప్ మార్చడం ఇబ్బంది అనుకుంటే లాప్‌టాప్‌లో ఎంపీత్రీ చేసి పంపు, ఒరిజినల్స్ మాత్రం అలాగే దాచు. ఫైల్ పేర్లో తేదీ ముందే ఉంది కాబట్టి పేరు వరసలో పెడితే రోజుల వరసే వస్తది. ఏడాదికొక ఫోల్డర్ చేసి పైన నాన్నగారి ఫొటో పెట్టు, చదవడం రాకపోయినా బొమ్మ చూసి నొక్కుతారు.